పేరు మారిన నగరం, పేరు మారని పేట

2023 మార్చి 14న పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ కౌన్సిల్‌లో అధ్యక్ష ఎన్నిక జరిగింది. 24 మంది సభ్యులలో 14 మంది ఓట్లతో తెలుగుదేశం పార్టీకి చెందిన ఎస్. సెల్వి గెలిచారు. ఆమెకు అండగా నిలిచింది భారతీయ జనతా పార్టీ. అమరావతిలో చంద్రబాబు నాయుడు, ఢిల్లీలో జె.పి. నడ్డా అభినందనలు తెలిపారు. 2018లో తెగిపోయిన పొత్తు మళ్లీ అతుక్కోబోతున్నదా అన్న చర్చ ఆ సాయంత్రమే మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆ ఊహ నిజమైంది కూడా. బంగాళాఖాతం నడిమధ్య జరిగిన ఒక పురపాలక ఎన్నికను ప్రధాన భూభాగంలోని రాజకీయ పండితులు వాతావరణ సూచికలా చదివారు. అయితే ఆ చర్చలో ఒక ప్రశ్నకు మాత్రం చోటు దక్కలేదు. విశాఖ రేవుకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, నడుమ ఒక్క ఊరు కూడా లేని సముద్రానికి ఆవల, తెలుగు పార్టీకి ఓట్లు వేసిన ఆ జనం ఎవరు? ఎప్పుడు వెళ్లారు? ఎందుకు వెళ్లారు? అక్కడ వారి స్థానం ఏమిటి?

ఈ ప్రశ్నలకు సమాధానం పార్టీ కార్యాలయాలలో దొరకదు. ఆ ఊరి పేటలలో వెతకాలి. అటువంటి పేటలలో ఒకటి మిడిల్ పాయింట్.

పటం మీద చూస్తే మిడిల్ పాయింట్ ప్రత్యేకత వెంటనే తెలియదు. ఒకవైపు ఫీనిక్స్ బే. దీవుల మధ్య తిరిగే పడవలన్నీ బయలుదేరేది అక్కడి నుంచే. మరోవైపు, డెలానిపూర్ దాటి వెళితే, హాడో రేవు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి వచ్చే ప్రయాణికుల ఓడలు అక్కడ ఆగుతాయి. ఇంకోవైపు గోల్‌ఘర్, దానికి దిగువన జంగ్లీఘాట్. అది చేపల రేవు. ఈ మూడు రేవుల నడుమ, ఎగుడు దిగుడు నేల మీద పరుచుకున్న పేట మిడిల్ పాయింట్. పరిశ్రమల శాఖ కార్యాలయం, ప్రభుత్వ హస్తకళల విక్రయశాల సాగరిక, మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ వారి మ్యూజియం ఈ పేట చుట్టుపక్కలే ఉన్నాయి. వాటిని చూడడానికి వచ్చే పర్యాటకులు రెండు గంటలు గడిపి వెళ్లిపోతారు. కాని ఈ పేట కథలో పర్యాటకుడు చివరన వచ్చినవాడు. మొదట వచ్చినవాడు ఖైదీ. అతని తరువాత కూలి, గుమాస్తా, జాలరి వచ్చారు. వారందరికంటే ముందు అక్కడ ఉన్నవాడు ఇప్పుడు మ్యూజియం గాజుపెట్టెలలో కనిపిస్తాడు.

ఈస్టిండియా కంపెనీ నౌకాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో చాతమ్ దీవి మీద తొలి స్థావరం పెట్టాడు. మూడేళ్లకే దానిని ఉత్తర అండమాన్‌కు మార్చారు. రోగాలు, మరణాలు తట్టుకోలేక 1796లో పూర్తిగా ఎత్తివేశారు. ఆ తరువాత అరవై ఏళ్లపాటు అడవి మళ్లీ అడవిగానే ఉంది. 1857 తిరుగుబాటు అణచివేత తరువాత, వేల సంఖ్యలో ఉన్న బందీలను ఎక్కడ పెట్టాలన్న సమస్య కంపెనీ ప్రభుత్వానికి ఎదురైంది. పాత స్థావరం గుర్తుకొచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీలతో సెమిరామిస్ ఓడలో దిగాడు. పోర్ట్ బ్లెయిర్ నగర చరిత్ర ఆ రోజుతో మొదలవుతుంది.

ఇది సంతతో పుట్టిన ఊరు కాదు, గుడి చుట్టూ పెరిగిన ఊరూ కాదు. శిక్షకోసం కట్టిన ఊరు. అధికారులు రాస్ దీవి మీద ఉండేవారు. ఎదురుగా ఉన్న ఒడ్డున అడవి కొట్టడం, కొండ చెక్కడం, చిత్తడి పూడ్చడం ఖైదీల వంతు. కొట్టిన ప్రతి ముక్కకూ ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు. అబర్డీన్, హాడో, ఫీనిక్స్ బే, అట్లాంటా పాయింట్, సౌత్ పాయింట్, మిన్నీ బే. స్కాట్లండ్ ఊళ్లు, ఓడలు, అధికారుల పేర్లు, పటం గీసేవాడి సౌకర్యం కోసం పెట్టిన గుర్తులు. మిడిల్ పాయింట్ అన్న మాట ఈ చివరి కోవకు చెందినట్టు వినబడుతుంది. అందులో మనిషి లేడు, దేవుడు లేడు, చెట్టు లేదు, చెరువు లేదు. కొలత మాత్రమే ఉంది. తెలుగు నేల మీద ఏ పేట పేరు విన్నా అందులో ఒక కులమో, ఒక వృత్తో, ఒక దాతో, ఒక దేవతో కనిపిస్తారు. ఇక్కడి పేర్లలో ఏలికవాడి చూపు తప్ప మరేమీ కనిపించదు.

ఆ చూపుకు కనిపించనివారు ఆ అడవినే ఇల్లుగా చేసుకున్న గ్రేట్ అండమానీయులు. 1859 మే నెలలో వారు అబర్డీన్ మీద దాడి చేశారు. వారి మధ్య కొంతకాలం బతికి తిరిగివచ్చిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగా సమాచారం ఇవ్వడంతో వారు ఓడిపోయారు. బాణాలకు తుపాకులు జవాబు చెప్పాయి. తరువాతి దశాబ్దాలలో తట్టు, సిఫిలిస్ వంటి రోగాలు తుపాకులు మిగిల్చినవారిని కూడా మింగాయి. అప్పట్లో వేలలో ఉన్న ఆ జనం నేడు యాభై అరవై మందికి మించరు. 1970 ప్రాంతంలో మిగిలినవారిని స్ట్రెయిట్ దీవికి తరలించారు. 1975లో మొదలైన మానవశాస్త్ర మ్యూజియంలో వారి విల్లంబులు, బుట్టలు, పడవ నమూనాలు భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు వారిదైన నేల మీదే వారి వస్తువులకు టికెట్ పెట్టి చూపుతున్నారన్నది ఆ పేట చరిత్రలో ఎవరూ పైకి అనని మొదటి వాక్యం. భూమి ఎవరిది అన్న ప్రశ్న ఆ దీవులలో ఎప్పుడు లేచినా, అది అక్కడి నుంచే మొదలుకావాలి.

తెలుగువారు ఆ దీవులకు తమంతట తాముగా వెళ్లకముందే సంకెళ్లతో వెళ్లారు. 1879లో గోదావరి ఏజెన్సీలో చెలరేగిన రంప తిరుగుబాటును అణచివేశాక, పట్టుబడినవారిలో పలువురిని అండమాన్‌కు పంపారు. కల్లు పన్ను, ముఠాదారుల పీడన, పోలీసుల దౌర్జన్యం మీద తిరగబడిన కొండవారికి సముద్రం దాటించడం కంటే పెద్ద శిక్ష లేదని ప్రభుత్వం లెక్క వేసింది. నాలుగు దశాబ్దాల తరువాత అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరకూ అదే దారి పట్టింది. అయితే చరిత్ర అతని విషయంలో ఒక మలుపు తిరిగింది. విడుదలయ్యాక, 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం నుంచి ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి కూడా అండమాన్ చూసి వచ్చినవారే. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు గోడల మీద చెక్కిన పేర్లు దేశం గుర్తుపెట్టుకుంది. ఆ జైలుకు ఇటుక మోసినవారి పేర్లు, రోడ్డుకు రాళ్లు కొట్టినవారి పేర్లు ఏ గోడ మీదా లేవు. మిడిల్ పాయింట్ వంటి పేటల పునాదులలో ఉన్నది ఈ రెండో రకం జనమే.

వలస ప్రభుత్వం ఖైదీలను ఎప్పటికీ గదులలో పెట్టి మేపలేదు. కొన్నేళ్లు సత్ప్రవర్తన చూపినవారికి సొంతంగా బతికే అనుమతి ఇచ్చేది. భూమి చేసుకోవచ్చు, దుకాణం పెట్టుకోవచ్చు, మహిళా ఖైదీని పెళ్లాడవచ్చు. ఆ పెళ్లిళ్లలో కులం కలవలేదు, భాష కలవలేదు, కొన్నిసార్లు మతమూ కలవలేదు. కలిసింది శిక్ష ఒక్కటే. వారి పిల్లలు లోకల్ బార్న్ అనే కొత్త జాతిగా పెరిగారు. వారి ఇంటి భాష హిందుస్తానీ. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన ఖైదీ మనవడు కూడా ఆ భాషలోనే ఏడ్చాడు, నవ్వాడు. ప్రధాన భూభాగంలో సంస్కర్తలు వందేళ్లు పోరాడినా కదలని కుల సరిహద్దు, ఇక్కడ జైలు నిబంధనల కింద ఒక తరంలో చెరిగిపోయింది. దీనిని సంస్కరణ అని పిలవడానికి మనసు ఒప్పదు. కాని ఫలితాన్ని కాదనడమూ కుదరదు.

తరువాత ఒక్కొక్క విడతగా ఒక్కొక్క జనం చేరారు. 1918 నుంచి అడవి పనులకోసం చోటానాగపూర్ ఆదివాసులను తెచ్చారు. వారినే ఇప్పటికీ రాంచీవాలాలు అంటారు. 1921 మలబార్ తిరుగుబాటు తరువాత మాపిళ్లలు వచ్చారు. 1920ల నడుమ బర్మా నుంచి కరెన్లు, ఉత్తరప్రదేశ్ నుంచి నేరస్థ జాతిగా ముద్రపడిన భాంతులు వచ్చారు. 1942 మార్చి 23న జపాన్ సేనలు దిగాయి. మూడున్నరేళ్ల ఆ ఏలుబడిలో గూఢచారులన్న అనుమానం మీద వందల మంది చిత్రహింసలు అనుభవించారు. 1943 డిసెంబర్ 30న సుభాష్ చంద్ర బోస్ అక్కడ జెండా ఎగురవేశారు. సరిగ్గా నెల తరువాత, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో 44 మందిని జపాన్ సైనికులు కాల్చి చంపారు. ఈ రెండు తేదీలూ ఆ ఊరి జ్ఞాపకంలో పక్కపక్కనే ఉన్నాయి. ప్రధాన భూభాగపు ఉపన్యాసాలలో మాత్రం మొదటి తేదీ ఒక్కటే వినబడుతుంది.

యుద్ధం ముగిశాక శిక్షా స్థావరం రద్దయింది. అవకాశం ఉన్నవారు స్వదేశాలకు తిరిగి వెళ్లారు. 1941లో 33 వేలు దాటిన దీవుల జనాభా 1951 నాటికి 31 వేల లోపుకు పడిపోయింది. స్వతంత్ర భారతం చేతికి వచ్చినది దాదాపు ఖాళీ అయిన ఒక వలస. వ్యూహాత్మకంగా విలువైన నేలను ఖాళీగా ఉంచకూడదని ఢిల్లీ నిర్ణయించింది. ఆ నిర్ణయమే నేటి పోర్ట్ బ్లెయిర్‌ను తయారుచేసింది.

1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను తెచ్చి, అడవి నరికించి, ఎకరాల లెక్కన భూమి ఇచ్చి పల్లెలు కట్టించారు. వారు సెటిలర్లు. ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చినవారు, చేతిలో పట్టా ఉన్నవారు. పట్టణం మాత్రం వేరే విధంగా పెరిగింది. పల్లెలు కట్టాలంటే రోడ్లు కావాలి, రోడ్లు వేయాలంటే కూలీలు కావాలి. రేవులు కావాలి, ఓడ సరుకు దించే చేతులు కావాలి. కార్యాలయాలకు గుమాస్తాలు, బడులకు పంతుళ్లు, బజారుకు చేప కావాలి. ఈ పనులకు తమిళులు, మలయాళీలు, తెలుగువారు వచ్చారు. వారిని ఎవరూ సెటిలర్లు అనలేదు, భూమి ఇవ్వలేదు. పని ఇచ్చారు. పని దొరికిన చోట వారే గుడిసె వేసుకున్నారు.

తెలుగువారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలవారు. ఉత్తరాంధ్ర వలస చరిత్ర తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ తీరం నుంచి జనం అంతకు ముందే రంగూన్‌కు వెళ్లారు, ఖరగ్‌పూర్‌కు వెళ్లారు, అస్సాం తేయాకు తోటలకు వెళ్లారు. యుద్ధంతో, ఆ తరువాతి రాజకీయాలతో బర్మా తలుపు మూతపడింది. నాగావళి, వంశధార నదులు పక్కనే ఉన్నా సాగునీరు అందని పొలాలు, తుపానుకు తుపానుకు మధ్య బతికే జాలరి పల్లెలు అలాగే ఉన్నాయి. కొత్త తలుపు అండమాన్. విశాఖలో ఓడ ఎక్కితే రెండు రాత్రులు దాటాక మూడోనాటికి హాడో రేవు కనబడేది. ముందు వెళ్లినవాడు చెల్లెలి మొగుడిని పిలిచాడు. అతడు అన్నను పిలిచాడు. అన్న ఊళ్లో సగం మందిని పిలిచాడు. ఈ విధంగా ఒక పల్లె నుంచి బయలుదేరినవారంతా ఒకే రేవు పక్కన తేలారు.

జాలరులు జంగ్లీఘాట్‌లో కుదురుకున్నారు. తెలుగు మాట ఎక్కువగా వినిపించే పేటగా దానికి పేరు వచ్చింది. అక్కడ స్థలం నిండాక, పడవ పని కాక వేరే పని చేసేవారు, నాలుగు రూపాయలు కూడబెట్టి పిల్లలను చదివించాలనుకున్నవారు పైకి ఎక్కారు. మిడిల్ పాయింట్, గోల్‌ఘర్, డెలానిపూర్ వంటి పేటలు అలా నిండాయి. అక్కడికి బెంగాలీ ఉద్యోగి వచ్చాడు, తమిళ వ్యాపారి వచ్చాడు, మలయాళీ నర్సు వచ్చింది, లోకల్ బార్న్ కుటుంబం ముందే ఉంది. రేవు పక్క పేటకు ఒక భాష ఉంటుంది. రేవుల నడుమ పేటకు ఒక భాష ఉండదు. మిడిల్ పాయింట్ స్వభావం ఈ ఒక్క మాటలో ఉంది. ఇంట్లో తెలుగు, పక్కింట్లో బెంగాలీ, వీధిలో హిందీ. ఆ హిందీ కూడా లక్నో హిందీ కాదు, ఢిల్లీ హిందీ కాదు. లింగభేదాలను పెద్దగా పట్టించుకోని, అందరి నోళ్లలో నలిగి నున్నబడిన అండమాన్ హిందీ. భాషల పేరిట రాష్ట్రాలు ఏర్పడిన దశాబ్దంలోనే, ఏ భాషా రాష్ట్రానికీ చెందని ఈ ఊరు తనంతట తానే ఒక ఉమ్మడి భాష చేసుకుంది. దానిని ఎవరూ చట్టం చేసి రుద్దలేదు.

అంకెలు చూస్తే ఆ వేగం అర్థమవుతుంది. దీవుల మొత్తం జనాభా 1961లో 63 వేలు. 1971లో లక్షా పదిహేను వేలు. 1991లో రెండు లక్షల ఎనభై వేలు. పోర్ట్ బ్లెయిర్ పట్టణం 1961లో సుమారు 14 వేల మందితో ఒక పెద్ద పల్లె. 2001 నాటికి దాదాపు లక్ష. నలభై ఏళ్లలో ఏడు రెట్లు. చెక్క గోడలు, రేకు కప్పుల ఇళ్లు ఒక్కొక్కటే కాంక్రీటుగా మారాయి. చోటు లేకపోవడంతో ఇళ్లు కొండవాలుకు ఎక్కాయి. 2001 తరువాత పాత పురపాలక పరిధి దాదాపు నిండిపోయింది. పెరుగుదల గరచర్మ, ప్రోథ్రాపూర్ వంటి శివార్లకు జరిగింది. ఒకప్పుడు తానే శివారైన మిడిల్ పాయింట్ నగర మధ్యంగా మారింది. పేరుకు తగ్గ స్థానం దానికి ఒకటిన్నర శతాబ్దం తరువాత దక్కింది.

అయితే ఈ పెరుగుదల కింద ఒక పగులు ఉంది. అది భూమి. 1966 నాటి భూ రెవెన్యూ, భూ సంస్కరణల నిబంధనల ప్రకారం ఆ దీవులలోని భూమి యావత్తూ ప్రభుత్వానిదే. ప్రభుత్వం అనుభవించడానికి ఇస్తుంది, ఇవ్వకపోవచ్చు కూడా. సెటిలర్‌కు ఇచ్చింది. పట్టణంలో తరతరాలుగా ఉన్న ప్రీ-42 కుటుంబాలకు హక్కు కాగితాలు ఉన్నాయి. పనికోసం వచ్చి, ఎవరో చూపిన ఖాళీ జాగాలో గుడిసె వేసుకుని, ఇరవై ఏళ్లలో దానిని ఇల్లుగా చేసుకున్న కూలికి ఉన్నది ఒకే బిరుదు. ఆక్రమణదారు. 1978కి ముందరి ఆక్రమణలను క్రమబద్ధీకరించారు. ఆ తరువాతివారు గాలిలో మిగిలారు. అటవీ విధ్వంసం మీద దాఖలైన కేసులో షేఖర్ సింగ్ కమిషన్ నివేదికను ఆమోదిస్తూ 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అడవులకు, ఆదిమవాసులకు మేలు చేసింది. అందులో సందేహం లేదు. కాని అడవి భూమిలోని ఆక్రమణలను తొలగించమన్న ఆ ఉత్తర్వు తరువాత, ఆక్రమణ అన్న మాట దీవులంతటా బరువెక్కింది. ప్రధాన భూభాగపు బస్తీలో పట్టా కోసం పోరాడేవాడు ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడతాడు. ఇక్కడివాడు నిలబడడానికి ఎమ్మెల్యే లేడు.

ఎందుకంటే ఆ దీవులకు శాసనసభే లేదు. ఈ వాస్తవం తెలియకుండా అండమాన్ రాజకీయాలు అర్థం కావు. 1952 నుంచి 1967 వరకు అక్కడి ప్రజలు తమ లోక్‌సభ సభ్యుడిని కూడా ఎన్నుకోలేదు. రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. 1967లో తొలిసారి ఓటు వేసి కాంగ్రెస్ అభ్యర్థి కె.ఆర్. గణేశ్‌ను పంపారు. 1977 నుంచి రెండు దశాబ్దాలకు పైగా మనోరంజన్ భక్త, ఆ తరువాత ఎక్కువకాలం బిష్ణుపద రే, మధ్యలో 2019లో కుల్దీప్ రాయ్ శర్మ. ఉన్నది ఒకే ఒక్క పార్లమెంటు సీటు. పరిపాలన కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్‌ది. ఇక ప్రజలు నేరుగా పట్టుకోగల అధికారం, పల్లెలో పంచాయతీ, పట్టణంలో మునిసిపాలిటీ. 1957లో బోర్డుగా మొదలై, 1994 నిబంధనల తరువాత కౌన్సిల్‌గా మారిన ఆ పురపాలక సంఘమే పోర్ట్ బ్లెయిర్ వాసికి శాసనసభ, సచివాలయం, నిరసన వేదిక. 2015లో శివార్లను కలిపి దానిని 24 వార్డులకు విస్తరించారు.

వార్డు ఇంత ముఖ్యమైనప్పుడు, వార్డులో ఏ భాషవారు ఎందరున్నారన్నది సహజంగానే లెక్కలోకి వస్తుంది. 2011 జనగణన ప్రకారం దీవులలో ప్రతి వంద మందిలో బెంగాలీ మాతృభాష గలవారు 28 మంది, హిందీవారు 19, తమిళులు 15, తెలుగువారు 13. ఏ ఒక్కరికీ సొంత మెజారిటీ లేదు. అందువల్లనే 2022 పురపాలక ఎన్నికలలో కాంగ్రెస్‌కు 10, బీజేపీకి 10 స్థానాలు రాగా, తెలుగుదేశం గెలిచిన రెండు స్థానాలు, డీఎంకే గెలిచిన ఒకటి, స్వతంత్రుడి ఒకటి తూకాన్ని నిర్ణయించాయి. తెలుగుదేశం, ద్రవిడ పార్టీలు అక్కడ ఉన్నది సిద్ధాంత ప్రచారానికి కాదు. జాతీయ పార్టీల టికెట్ల జాబితాలో చోటు దొరకని వలస సమూహాలు, తమ రాష్ట్రంలోని పార్టీ గుర్తును బేరసారాల పీటగా వాడుకుంటున్నాయి. ప్రధాన భూభాగం దీనిని పొత్తుల సంకేతంగా చదివింది. మిడిల్ పాయింట్, జంగ్లీఘాట్ వీధులలో దాని అర్థం వేరు. కుళాయి, మురుగు కాలువ, ఇంటి కాగితం.

కుళాయి మాట తేలికగా తీసుకోదగ్గది కాదు. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే ఊరిలో వేసవికి మంచినీటి కరవు. నగరానికి ప్రధాన ఆధారం 1970లలో కట్టిన ధనీఖాడీ జలాశయం. జనం ఏడు రెట్లు పెరిగినా నీటి వనరులు ఆ మేరకు పెరగలేదు. రోజు విడిచి రోజు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ ఎడంతో నీరు వదలడం అక్కడ మామూలు. 2004 డిసెంబర్ 26 భూకంపం, సునామీ తరువాత దక్షిణ అండమాన్ నేల కుంగింది. సిప్పీఘాట్ వంటి పల్లపు ప్రాంతాలలో పొలాలు ఉప్పునీటి కిందకు వెళ్లి తిరిగి తేలలేదు. పల్లం పోయినప్పుడు మెరక మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి నగరంలోని ప్రతి పేట మీదా పడింది.

నీటి కంటే లోతైన మరో సమస్య గుర్తింపు. దీవులలో ఇతర వెనుకబడిన వర్గాల జాబితాలో చోటు దక్కినవి ఐదు సమూహాలు. తూర్పు బెంగాల్ సెటిలర్లు, ప్రీ-42 లోకల్ బార్న్‌లు, మాపిళ్లలు, కరెన్లు, భాంతులు. డెబ్బై ఏళ్లుగా అక్కడి చేపల బజారును నడుపుతున్న తెలుగు జాలరులు గాని, రేవు కట్టిన తమిళ కూలీలు గాని, అడవి నరికి దారులు వేసిన రాంచీవాలాలు గాని ఆ జాబితాలో లేరు. షెడ్యూల్డ్ కులాల జాబితా అయితే ఆ కేంద్రపాలిత ప్రాంతానికి అసలు లేనే లేదు. శ్రీకాకుళంలో షెడ్యూల్డ్ కులానికి చెందిన కుటుంబం పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడితే, అక్కడ పుట్టిన దాని రెండో తరానికి స్థానికంగా ఆ గుర్తింపు ఉండదు. శ్రీకాకుళం వెళ్లి అడిగితే, మీరు ఇక్కడివారు కారంటారు. ఓడ టికెట్ రాయితీకి ద్వీపవాసి కార్డు చూపించవచ్చు. కాని ఆ కార్డు చరిత్రలో స్థానం ఇవ్వదు. ఎవరు ముందు వచ్చారు, ఎవరిని ప్రభుత్వం తెచ్చింది, ఎవరు వారంతట వారే వచ్చారు అన్న మూడు ప్రశ్నలకు చెప్పే జవాబును బట్టి అక్కడ పౌరుడి విలువ మారుతుంది. శిక్షా స్థావరం పోయింది గాని మనుషులను తరగతులుగా విడదీసే దాని రిజిస్టర్ పూర్తిగా మూతపడలేదు.

ఈ వాదనకు మరో వైపు ఉంది. చిన్న దీవులు ఎంత జనాన్ని మోయగలవన్న ప్రశ్న నిజమైనది. ముందుగా వచ్చినవారి భయం పూర్తిగా స్వార్థం కాదు. నీళ్లు లేవు, చోటు లేదు, జారవాలకు మిగిలిన అడవిని ముట్టుకోకూడదు. కొత్తగా వచ్చేవారికి హద్దు ఉండాలని అడగడంలో న్యాయం ఉంది. కాని హద్దు గీయడం వేరు, యాభై అరవై ఏళ్ల కిందట పనికి పిలిచి, పని చేయించుకుని, ఇప్పుడు నీవెవరని అడగడం వేరు. మొదటిది విధానం. రెండోది మరపు.

2024 సెప్టెంబర్ 13న కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. వలసపాలన చిహ్నాలను తుడిచివేయడం ఉద్దేశమన్నారు, చోళుల నౌకాదళ వైభవాన్ని తలచుకున్నారు. రాజేంద్ర చోళుడు 1025లో దండెత్తినది శ్రీవిజయ రాజ్యం మీదనే అన్న చిక్కుముడి చరిత్రకారులకు వదిలేద్దాం. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరు పోయినందుకు కన్నీరు పెట్టవలసిన పని ఎవరికీ లేదు. అంతకు ముందు 2018లో రాస్, నీల్, హావ్‌లాక్ దీవుల పేర్లు మారాయి. 2023 జనవరి 23న మరో 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. దీవులకు పేర్లు వచ్చాయి, విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వచ్చింది. మిడిల్ పాయింట్ మాత్రం మిడిల్ పాయింట్‌గానే ఉంది. అబర్డీన్, హాడో, ఫీనిక్స్ బే కూడా అలాగే ఉన్నాయి.

అలా ఉండడంలో ఒక అర్థం ఉంది. పటం మీద కొలతగా పుట్టిన ఆ పరాయి పేరును అక్కడి జనం నూటయాభై ఏళ్లలో నమిలి తమది చేసుకున్నారు. శ్రీకాకుళం పల్లెలో ఉన్న ముసలి తల్లి పోస్టుకార్డు మీద రాయించిన చిరునామా అది. రేషన్ కార్డు మీద, ఓటరు జాబితాలో, బడి రిజిస్టర్‌లో ఉన్న ఊరు అది. పేరు మార్చడానికి ఒక నోటిఫికేషన్ సరిపోతుంది. ఇల్లు ఉన్నవాడికి కాగితం ఇవ్వడానికి, జాబితాలో లేనివాడిని లెక్కలోకి తీసుకోవడానికి, శాసనసభ లేని నాలుగు లక్షల మందికి ఏదో ఒక ప్రాతినిధ్య సంస్థను కల్పించడానికి నోటిఫికేషన్ కంటే ఎక్కువ కావాలి. 24 వార్డుల మునిసిపాలిటీలో రెండు సీట్లు ఎవరికి దక్కాయన్న దాని మీద హైదరాబాదులో, ఢిల్లీలో మళ్లీ చర్చ జరిగే రోజు వస్తుంది. ఆ రోజున ఆ ఓట్లు వేసినవారు ఏమి అడుగుతున్నారో కూడా ఎవరైనా అడిగితే, మిడిల్ పాయింట్ చరిత్రలో అది కొత్త అధ్యాయం అవుతుంది.